కారు ఉండని చోట కారుకు చిరునామా

వాహనాల రిజిస్ట్రేషన్ చిరునామా గురించి ఈ నెల నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నాలుగింటి చిక్కూ ఒక్కటే కనుక మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈసారి శీర్షిక మొత్తాన్ని వీటికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు.

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. ఆన్‌లైన్ అమ్మకాల కోసం ఒడిశాలో ఒక గోదాములో సరుకు పెట్టాల్సి వచ్చి, రెండేళ్ల క్రితం భువనేశ్వర్‌లో వర్చువల్ ఆఫీసు తీసుకొని ఆ చిరునామా మీద అక్కడ జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. నెలనెలా అద్దె కడుతున్నాం. అక్కడ మాకు కుర్చీ గానీ బల్ల గానీ లేదు. ఉత్తరం వస్తే స్కాన్ చేసి పంపుతారు, అంతే. ఇప్పుడు సంస్థ పేరు మీద కారు కొనాలనుకుంటున్నాం. ఆ జీఎస్టీ సర్టిఫికెట్టు, అద్దె ఒప్పందం చూపిస్తే ఓడీ నంబరు తెప్పిస్తానని, లైఫ్ ట్యాక్సులో చాలా మిగులుతుందని, కారు మీద కట్టిన జీఎస్టీ కూడా వెనక్కి వస్తుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు. కారు మాత్రం పలాసలోనే ఉంటుంది. ఇందులో తప్పేమైనా ఉందా?

సమాధానం: ఉంది. ఇంకా కారు కొనలేదు కాబట్టి మీకు ఇప్పటివరకు నష్టమేమీ జరగలేదు. దయచేసి ఆ ఏజెంటు మాట వినకండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 40 ప్రకారం వాహన యజమాని తన నివాసం గానీ వ్యాపార స్థలం గానీ ఎక్కడ ఉండి, వాహనాన్ని మామూలుగా ఎక్కడ ఉంచుతాడో ఆ ప్రాంతాన్ని బట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ వాక్యంలో ‘వాహనాన్ని మామూలుగా ఉంచే చోటు’ అన్న భాగాన్ని ఏజెంట్లు ఎప్పుడూ మింగేస్తారు. భువనేశ్వర్ చిరునామా మీ వ్యాపార స్థలమేనని జీఎస్టీ అధికారులు ఒప్పుకొని ఉండవచ్చు. అది పన్ను లెక్కలకు సంబంధించిన చిరునామా. మీ కారు రాత్రి నిలబడేది పలాసలో మీ ఇంటి ముందో, జీడిపప్పు బట్టీ ఆవరణలోనో అయినప్పుడు, భువనేశ్వర్‌లోని ఏ కాగితమూ దానిని అక్కడ నిలబెట్టలేదు. వర్చువల్ ఆఫీసు అనే పేరు చట్టంలో ఎక్కడా నిషిద్ధం కాదు. కానీ కారు అక్కడ ఉండదని తెలిసి కూడా ఉంటుందని ఫారం 20లో, అంటే రిజిస్ట్రేషన్ దరఖాస్తులో, సంతకం చేయడం తప్పు. ఆ సంతకం పెట్టేది మీరు. ఏజెంటు పేరు ఆ ఫారంలో ఎక్కడా ఉండదు.

‘కాగితాలన్నీ అసలువే కదా, ఆఫీసులో తీసుకున్నారు కదా’ అని మీకు అనిపించవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం దరఖాస్తుతో పాటు చిరునామా రుజువు జతచేయాలి. గుమాస్తా ఆ రుజువు ఉందో లేదో చూస్తాడే తప్ప భువనేశ్వర్ వెళ్లి కారు ఎక్కడుందో వెతకడు. అందువల్ల నంబరు రావచ్చు. అయితే చట్టంలో సెక్షన్ 55(5) అనేది ఒకటి ఉంది. ముఖ్యమైన విషయంలో అబద్ధపు పత్రాల మీద గానీ, తప్పుగా చెప్పిన వివరాల మీద గానీ రిజిస్ట్రేషన్ పొందినట్టు తేలితే, యజమానికి చెప్పుకొనే అవకాశం ఇచ్చాక అధికారి ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి. నంబరు వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. 2017లో కేరళలో జరిగింది మీకు గుర్తుండవచ్చు. అక్కడ తిరిగే ఖరీదైన కార్లను తక్కువ పన్ను కోసం పుదుచ్చేరిలో, తాము ఏనాడూ నివసించని ఇళ్ల చిరునామాలతో రిజిస్ట్రేషన్ చేయించిన వారిమీద పోలీసు కేసులు నమోదయ్యాయి. ఆ కార్లకూ నంబర్లు ముందే వచ్చాయి.

పన్ను విషయానికి వద్దాం. మన రాష్ట్రంలో జీవితకాల పన్ను ఒడిశా కంటే ఎక్కువన్నది నిజమే. ఇచ్ఛాపురం, మందస, పాతపట్నం వైపు ఈ ఆశ అందరికీ కలుగుతుంది. సరిహద్దు గట్టి గోడ కాదు, బంధుత్వాలు అటూ ఇటూ ఉన్నాయి, పర్లాకిమిడిలో ఇల్లు ఉండి పాతపట్నంలో దుకాణం నడిపేవారు ఉన్నారు. అటువంటివారు కారు నిజంగా రాత్రిపూట ఉండే పర్లాకిమిడి ఇంటి మీద ఓడీ-20 నంబరు వేయించుకుంటే ఎవరూ వేలెత్తి చూపనక్కరలేదు. మీ పరిస్థితి అది కాదు. సెక్షన్ 47 ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, అక్కడి పన్ను కట్టాలి. మీ కారు మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉంటుంది కాబట్టి ఈ రోజు మిగిలిందనుకున్న సొమ్మును ఏడాది తిరగగానే కట్టాలి. పైగా ఒడిశాలో కట్టినది వెనక్కి తెచ్చుకోవడానికి అక్కడి ఆఫీసు చుట్టూ తిరగాలి. మీ ఏజెంటు ఈ రెండో అంకం గురించి చెప్పాడా?

జీఎస్టీ వెనక్కి వస్తుందన్న మాట కూడా సరికాదు. కేంద్ర జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 17(5) ప్రకారం డ్రైవరుతో కలిపి 13 మందికి మించని ప్రయాణికుల వాహనాలపై కట్టిన పన్నుకు, కార్ల అమ్మకం, ప్రయాణికుల రవాణా, డ్రైవింగు శిక్షణ వంటి కొన్ని వ్యాపారాలకు తప్ప, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కట్టిన జీఎస్టీని మీ పన్ను లెక్కలో తగ్గించుకొనే వీలు, దొరకదు. జీడిపప్పు వ్యాపారి కొనే కారుకు అది రాదు. బస్తాలు మోసే సరుకుల వాహనం కొంటే వేరే సంగతి. దాని గురించి మీ ఆడిటరు గారిని అడగండి.

ఇన్సూరెన్సు గురించి ఒక్క మాట. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిశాక శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించకుండా నడిపిన ఒక కారు దొంగతనానికి గురైతే, ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వనక్కరలేదని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేకపోవడం పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘన అని ఆ తీర్పు చెప్పింది. మీ రిజిస్ట్రేషన్ రద్దయిన మర్నాడు కారు పోయిందనుకోండి, మీరూ సరిగ్గా ఆ యజమాని స్థానంలోనే నిలబడతారు.

ఇవన్నీ మీకు జరగగల నష్టాలు. ఇంతకంటే నన్ను బాధపెట్టే విషయం ఒకటి ఉంది. ఆర్సీ మీద చిరునామా ముద్రించేది మన సౌకర్యం కోసం మాత్రమే కాదు. ఆ వాహనం వల్ల దెబ్బ తిన్న మనిషి దాని యజమానిని వెతుక్కోవడానికి కూడా అదే ఆధారం. కొన్నేళ్ల క్రితం గజపతినగరం దగ్గరి గ్రామం నుంచి ఒక ఆవిడ, రోడ్డు ప్రమాదంలో పోయిన భర్త తరఫున విజయనగరంలోని మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో కేసు వేశారు. ఆ కారుకు ఇన్సూరెన్సు లేదు, పాలసీ అంతకుముందే ముగిసిపోయింది. అందుచేత యజమానే పరిహారం ఇవ్వాలి. ఆర్సీలో ఉన్న చిరునామా వేరే రాష్ట్రంలోని ఒక భవనంలో మూడో అంతస్తు, ఒక గది, ఒక ‘డెస్క్’ నంబరు. కోర్టు పంపిన నోటీసు రెండు వారాలకు తిరిగి వచ్చింది. ఫైలులో ఆ కవరు నేను చేత్తో పట్టుకొని చూశాను. ఎరుపు సిరాతో పోస్టుమ్యాన్ రాసిన ‘ఈ పేరుగల వారు ఇక్కడ లేరు’ అన్న మాట కవరు మీద కొంచెం ఏటవాలుగా ఉంది. రెండోసారి, మూడోసారీ అదే. చివరకు పత్రికలో ప్రకటన వేయించి ముందుకు సాగాల్సి వచ్చింది. ప్రతి వాయిదాకూ ఆవిడ పొద్దున్నే బస్సెక్కి, చిన్న కొడుకును వెంటబెట్టుకొని, స్టీలు క్యారేజీలో చద్దన్నం కట్టుకొని వచ్చి వరండాలో కూర్చునేవారు. ఆ యజమాని ఎవరినీ మోసం చేయాలని ఆ చిరునామా ఇచ్చి ఉండకపోవచ్చు. పన్ను కొంచెం తగ్గుతుందనే ఇచ్చి ఉంటాడు. కానీ ఆ తగ్గిన డబ్బుకు వడ్డీ కట్టింది ఆ వరండాలో కూర్చున్న తల్లి. మీ కారు వల్ల అటువంటిది ఎన్నడూ జరగకూడదని కోరుకుంటున్నాను. కానీ జరిగితే మిమ్మల్ని వెతికే దారి మూసి ఉండకూడదు కదా.

మీరు చేయవలసింది చాలా సులువు. మీ పలాస చిరునామాతో సంస్థకు ఇక్కడి జీఎస్టీ సర్టిఫికెట్టు ఎలాగూ ఉంటుంది. దానితో పాటు పాన్ కార్డు, భాగస్వామ్య పత్రం లేదా సంస్థ నమోదు పత్రం, సంతకం చేసే వ్యక్తికి ఇచ్చిన అధికార పత్రం షోరూములో ఇచ్చి, ఆంధ్రప్రదేశ్ నంబరు తీసుకొని ఇక్కడి లైఫ్ ట్యాక్సు కట్టండి. భువనేశ్వర్ వర్చువల్ ఆఫీసు జీఎస్టీ పనికి ఉన్నచోటనే ఉండనివ్వండి.

ప్రశ్న: నేను బెంగళూరులోని ఒక కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తూ విజయనగరంలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఇంటివాళ్లు అద్దె ఒప్పందం రాసి ఇవ్వడానికి ఒప్పుకోవడం లేదు. నా ఆధార్ సాలూరులో మా అమ్మ గారి ఇంటి చిరునామాతో ఉంది. కారు కొనడానికి నేను వారానికి రెండు రోజులు వెళ్లే కో-వర్కింగ్ ఆఫీసు వారు చిరునామా సర్టిఫికెట్టు ఇస్తామన్నారు. అది పెట్టవచ్చా? కంపెనీ మళ్లీ బెంగళూరుకు పిలిస్తే అప్పుడు ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, ఆ సర్టిఫికెట్టు మీకు అవసరమే లేదు. కో-వర్కింగ్ ఆఫీసు మీ నివాసం కాదు, మీ వ్యాపార స్థలమూ కాదు. అది మీరు కూర్చొని పని చేసుకొనే చోటు. సాలూరు మీ సొంత ఊరు, మీ తల్లిగారి ఇల్లు మీరు వచ్చిపోయే ఇల్లే కనుక ఆధార్ మీద ఉన్న ఆ చిరునామాతో నిశ్చింతగా రిజిస్ట్రేషన్ చేయించుకోండి. 2022లో జిల్లాలు మారాక సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిందని మీరు కంగారుపడనక్కరలేదు. చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రాష్ట్రంలోని ఏ రిజిస్ట్రేషన్ అధికారి వద్దనైనా నమోదు చేయించవచ్చు. అదే ఏడాది నుంచి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల నంబర్లు పోయి, రాష్ట్రం మొత్తానికి ఏపీ-39తో మొదలైన ఒకే వరుస వచ్చింది. శ్రీకాకుళానికి ఏపీ-30, విజయనగరానికి ఏపీ-35 అన్న రోజులు అయిపోయాయి. ఇంటివాళ్లు మనసు మార్చుకొని అద్దె ఒప్పందం ఇస్తే ఆ చిరునామాకు మార్చుకోవచ్చు. సెక్షన్ 49 ప్రకారం చిరునామా మారిన 30 రోజుల్లో ఫారం 33లో తెలియజేయాలి.

ఇక బెంగళూరు సంగతి. మీ కంపెనీకి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులు ఉంటే మీరు బీహెచ్ సిరీస్ నంబరుకు అర్హులు. 2021 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన ఈ ఏర్పాటు మీలాగే ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారేవారి కోసమే పెట్టారు. కంపెనీ నుంచి ఫారం 60లో ఉద్యోగ ధ్రువీకరణ తెచ్చి ఇవ్వాలి. పన్ను ఒకేసారి 15 ఏళ్లకు కాకుండా రెండేళ్లకొకసారి కడతారు. రాష్ట్రం మారినప్పుడు నంబరు మార్చుకొనే తతంగం ఉండదు. ఒక జాగ్రత్త చెబుతాను. కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులు ఉన్నాయని చెప్పేటప్పుడు అవి నిజంగా నడుస్తున్నవేనా అని మీ హెచ్ఆర్ విభాగం వారిని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడక్కడా పేరుకు మాత్రమే ఉన్న వర్చువల్ ఆఫీసులను లెక్కలో చూపి ఫారం 60 ఇచ్చే సంస్థలు ఉన్నాయి. అటువంటి ధ్రువీకరణ మీద వచ్చిన నంబరు రేపు ప్రశ్నార్థకమైతే ఇబ్బందిపడేది ఉద్యోగే.

ప్రశ్న: మాది రాజాంలో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. వర్క్‌షాపు, మనుషులు, యంత్రాలు అన్నీ రాజాంలోనే. కానీ రిజిస్టర్డ్ ఆఫీసు మాత్రం మొదట్లో ఒక కన్సల్టెంటు సలహాతో హైదరాబాద్‌లో వర్చువల్ ఆఫీసు చిరునామాతో పెట్టాం. కంపెనీ కారును ఎక్కడ రిజిస్టర్ చేయించాలి?

సమాధానం: రాజాం చిరునామాతోనే. రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఊళ్లోనే కంపెనీ వాహనాలు నమోదు కావాలన్న నియమం ఏదీ లేదు. ఇక్కడ కూడా చట్టం చూసేది కంపెనీ వ్యాపార స్థలాన్ని, వాహనం ఉండే చోటును. మీ ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ సర్టిఫికెట్టులో రాజాం వర్క్‌షాపు చిరునామా ఉందో లేదో చూసుకొని, లేకపోతే ముందు అది చేర్పించండి. హైదరాబాద్‌లో రిజిస్టర్ చేయిస్తే మీకు ఒరిగేది కూడా లేదు. ఇన్సూరెన్సులో సొంత వాహనానికి జరిగే నష్టం భాగం ప్రీమియం లెక్కలో హైదరాబాద్ వంటి మహానగరాలు జోన్ ‘ఎ’లోకి, మిగతా దేశం జోన్ ‘బి’లోకి వస్తాయి. జోన్ ‘ఎ’ రేటు ఎక్కువ.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 12 ప్రకారం రిజిస్టర్డ్ ఆఫీసు అనేది వచ్చిన ఉత్తరాలన్నిటినీ అందుకొని రసీదు ఇవ్వగలిగిన స్థలమై ఉండాలి. రిజిస్ట్రార్ అనుమానం వస్తే స్వయంగా తనిఖీ చేయించవచ్చు. హైదరాబాద్ వర్చువల్ ఆఫీసు వారు రిజిస్టర్డు పోస్టు అందుకొని ఆ రోజే మీకు తెలియజేస్తున్నారా అని ఒకసారి పరీక్షించుకోండి. మీ పేరుకు మీరే ఒక రిజిస్టర్డు ఉత్తరం పంపుకుంటే తెలిసిపోతుంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పోయిన ఏడాది బెంగళూరులో ఒక పాత కారు కొన్నాను. బదిలీ చేయించిన ఏజెంటు నా పేరు పక్కన అక్కడి ఒక వర్చువల్ ఆఫీసు చిరునామా వేయించాడని ఆర్సీ చేతికి వచ్చాక తెలిసింది. ఆ ఆఫీసు ఒప్పందం ఇప్పుడు అయిపోయింది. కారు ఎనిమిది నెలలుగా ఇక్కడే ఉంది. కారు మీద బ్యాంకు అప్పు ఉంది. భయంగా ఉంది. ఎవరికైనా చెబితే ఇరుక్కుంటానా?

సమాధానం: చెప్పకపోతేనే ఇరుక్కుంటారు. పైన చెప్పిన సెక్షన్ 47లోని 12 నెలల్లో మీకు ఇంకా నాలుగు నెలల వ్యవధి ఉంది. ఈ రోజు నుంచే పని మొదలుపెట్టండి.

బెంగళూరులోని ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఫారం 28లో నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, కోసం దరఖాస్తు చేయాలి. అంతకుముందు ఆ కారు మీద పాత చలానాలేమైనా ఉన్నాయేమో వెతికి కట్టేయండి. పాత యజమాని కాలంనాటివి కూడా మీ మెడకే చుట్టుకుంటాయి. బ్యాంకు అప్పు ఉంది కాబట్టి బ్యాంకు సమ్మతి లేఖ తప్పనిసరి, దానికి సమయం పడుతుంది. ముందుగా బ్యాంకు మేనేజరు గారి దగ్గరకే వెళ్లండి. దరఖాస్తుతో పాటు ఒక పేజీలో, చిరునామా ఎలా తప్పు పడిందో, మీరు ఎప్పటి నుంచి శ్రీకాకుళంలో ఉంటున్నారో ఉన్నది ఉన్నట్టు రాసి జతచేయండి. అధికారి సెక్షన్ 55 కింద నోటీసు ఇస్తే అప్పుడు రాసే సంజాయిషీ కంటే, నోటీసు రాకముందే మీ అంతట మీరు రాసిన పేజీకి ఎక్కువ విలువ ఉంటుంది. మళ్లీ అదే ఏజెంటుతో మరో చిరునామా ‘సర్దుబాటు’ చేయించుకొనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. లేని అద్దె ఒప్పందం ఒకటి సృష్టించారంటే అది ఫోర్జరీ, దానిమీద క్రిమినల్ కేసు అవుతుంది.

ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు చేసి, కారు వయసును బట్టి తగ్గించి లెక్కవేసిన లైఫ్ ట్యాక్సు కట్టండి. ఆ కాగితాలతో కర్ణాటకలో మిగిలిన కాలానికి కట్టిన పన్ను వాపసు అడగవచ్చు. ఆ డబ్బు మొదటి యజమాని కట్టినది కాబట్టి, వాపసు ఎవరికి చెందుతుందని అమ్మకపు పత్రంలో రాసుకున్నారో చూసుకోండి. ఇన్సూరెన్సు పాలసీలో కూడా చిరునామా, నంబరు మార్పించడం మరవకండి. చాలామంది ఆర్సీ మార్చుకొని పాలసీని పాత చిరునామాతోనే వదిలేస్తారు.

ఎన్‌ఓసీ విషయంలో సెక్షన్ 48 మీకు ఒక రక్షణ ఇస్తుంది. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇస్తున్నామనో, ఫలానా కారణం చేత ఇవ్వలేమనో అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆ 30 రోజులు దరఖాస్తు అందిన తేదీ నుంచి లెక్కిస్తారు కాబట్టి ఫారం 28 ఇచ్చిన రోజే రసీదు అడిగి తీసుకోండి. దాని మీద తేదీ, ఆఫీసు ముద్ర చదవడానికి వీలుగా పడ్డాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకొని, సరిగా పడకపోతే అక్కడే మరోసారి వేయించుకొని రండి.